ఆరు చానళ్లా... అసలు శబ్దమా?

సౌండ్ రంగంలో ఇంటర్వ్యూకు వెళ్లేవారు ముందే ఆలోచించి పెట్టుకోవాల్సిన ప్రశ్న ఇది. దీనికి ఒక్క మాటలో జవాబు ఉండదు. జవాబు దాకా ఎలా వెళ్లారన్నదే మీ సత్తా చెబుతుంది.

"మీ దగ్గర ఒక సంగీత కచేరీ డీవీడీ ఉంది. అందులో రెండు ఆడియో ట్రాకులు. ఒకటి 5.1 సరౌండ్, కానీ కంప్రెస్ చేసింది. రెండోది మామూలు స్టీరియో, అస్సలు కంప్రెస్ చేయనిది. మీ గదిలో అయిదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్ ఉన్నాయి. స్టీరియోను కూడా ఆ అయిదింటికీ పంచే సౌకర్యం మీ యాంప్లిఫయర్‌లో ఉంది. ఏది వింటారు?"

పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోలోనో, ఓటీటీకి ఆడియో పరీక్షించే సంస్థలోనో మిమ్మల్ని ఇలా అడిగారనుకోండి. ఠక్కున నోటికొచ్చే జవాబులు రెండు. 'సరౌండే సార్, ఆరు చానళ్లు కదా!' అనేది ఒకటి. 'కంప్రెస్ చేయనిదే సార్, ఒరిజినల్ క్వాలిటీ కదా!' అనేది ఇంకొకటి. రెండూ సగం సగం జవాబులే. ఒకదాంట్లో కొంత సమాచారం తీసేశారు. మరోదాంట్లో కొంత సమాచారం మొదటి నుంచీ లేదు. ఈ రెండు లోటుల్లో చెవికి ఏది ఎక్కువ తెలుస్తుంది? అసలు ప్రశ్న అది. దీన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. నెల్లూరు పక్కనున్న వెంకటాచలం రైల్వేస్టేషన్ చాలు.

ప్లాట్‌ఫాం మీద కళ్లు మూసుకుంటే...

నెల్లూరు నుంచి చెన్నై వైపు వెళ్లే దారిలో ఉంటుంది వెంకటాచలం. విజయవాడ - గూడూరు ప్రధాన లైను ఇటుగానే పోతుంది. కృష్ణపట్నం పోర్టుకు ఇక్కడి నుంచే లైను చీలుతుంది. 2019లో ఓబులవారిపల్లె లైను కూడా వచ్చి కలిసింది. గూడ్సు బండ్లకు కొదవ లేదు. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉన్న కాకుటూరు ఈ మండలంలోనే ఉంది కాబట్టి, ఇక్కడ విద్యార్థులకూ కొదవ లేదు.

ఇద్దరు స్నేహితులు ప్లాట్‌ఫాం మీద నిలబడి కళ్లు మూసుకున్నారనుకుందాం. గూడ్సు బండి ఎడమ నుంచి కుడికి పోతోంది. ఎదురుగా టీ అమ్మే అతని కేక. పైనుంచి అనౌన్స్‌మెంట్. వెనక రోడ్డు మీద ఆటో హారన్. కళ్లు తెరవకుండానే ఏది ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. అదే సరౌండ్. ముందు, పక్క, వెనక అన్న దిక్కుల సమాచారం.

ఇప్పుడు గూడ్సు సరిగ్గా ముందుకొచ్చింది. పక్కనున్నవాడు మామూలు గొంతుతో "రేయ్, టీ తాగుదామా?" అన్నాడు. రెండోవాడు "ఏందీ? వినపళ్ళా!" అని అరిచాడు.

స్నేహితుడి మాట గాలిలో ఉంది. చెవిదాకా వచ్చింది కూడా. కానీ పెద్ద శబ్దం దాన్ని కప్పేసింది. శబ్దశాస్త్రంలో దీన్ని మాస్కింగ్ అంటారు. డాల్బీ డిజిటల్, ఎంపీ3, ఏఏసీ లాంటి కంప్రెషన్ పద్ధతులన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నిలబడ్డాయి. ఎలాగూ వినపడని దాన్ని దాచడానికి బిట్లు ఎందుకు ఖర్చుపెట్టాలి?

లెక్క చూద్దాం

అంకెలు తెలిస్తే సగం భయం పోతుంది. డీవీడీలో కంప్రెస్ చేయని స్టీరియోకు సాధారణంగా సెకనుకు 48,000 శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కు 16 బిట్లు, రెండు చానళ్లు. మూడింటినీ గుణిస్తే సెకనుకు 1,536 కిలోబిట్లు. ఇదే నాణ్యతతో ఆరు చానళ్లు కావాలంటే 4,608 కిలోబిట్లు కావాలి. డీవీడీలో బొమ్మకూ శబ్దానికీ కలిపి ఉన్న జాగా దాదాపు 10,000 కిలోబిట్లే. అందులో సగం శబ్దమే తినేస్తే బొమ్మ పాడవుతుంది.

అందుకే డాల్బీ డిజిటల్ ఆరు చానళ్లనూ కలిపి 384 లేదా 448 కిలోబిట్లకు కుదిస్తుంది. 448 అనుకుంటే అసలులో దాదాపు పదో వంతు. ఇంకోలా చూస్తే, కంప్రెస్ చేయని స్టీరియోలో ఒక్కో చానల్‌కు 768 కిలోబిట్లు దొరుకుతుంటే, ఇక్కడ ఒక్కో చానల్ వాటా 100 కూడా దాటదు. బ్లూరేలో డాల్బీ డిజిటల్ 640 దాకా వెళ్తుంది. డీవీడీలో డీటీఎస్ ట్రాకులు సుమారు 754 లేదా 1,509 కిలోబిట్లలో ఉంటాయి.

ఈ అంకెలు చూడగానే 'అయితే స్టీరియోనే గొప్ప' అనిపిస్తుంది. తొందరపడొద్దు. బిట్లు తగ్గిన మేర నాణ్యత తగ్గదు. తీసేసినవాటిలో ఎక్కువ భాగం గూడ్సు బండి చాటున పోయిన మాటల్లాంటివే. బిట్‌రేటు బాగా తగ్గించినప్పుడే తేడా బయటపడుతుంది. తాళాల మోత కొంచెం నీళ్లు కలిసినట్టు వినిపించడం, చప్పట్లు ఒక ముద్దలా అవడం దాని గుర్తులు.

ఇంకో మాట. 'కంప్రెషన్' అనే పదానికి ఈ రంగంలో రెండర్థాలున్నాయి. ఒకటి, ఫైలు సైజు తగ్గించడం. రెండోది, పెద్ద శబ్దాన్ని తగ్గించి, చిన్న శబ్దాన్ని పెంచి రెంటినీ దగ్గరకు తేవడం. మిక్సింగ్‌లో కంప్రెసర్ చేసే పని ఈ రెండోదే. 'కంప్రెషన్ అంటే ఏంటి?' అని ఎవరైనా అడిగితే 'దేని గురించి అడుగుతున్నారు సార్, డేటానా, డైనమిక్ రేంజా?' అని తిరిగి అడగండి. మీకు విషయం తెలుసని అక్కడే అర్థమైపోతుంది.

అప్‌మిక్స్ అంటే ఊహ

రెండు చానళ్లను అయిదుగా చేసే విద్యే అప్‌మిక్సింగ్. దాని ప్రాథమిక సూత్రం కూడికలు, తీసివేతలే. ఎడమ, కుడి చానళ్లలో ఒకేలా ఉన్నది, అంటే గాయకుడి గొంతు లాంటిది, మధ్య స్పీకర్‌కు వెళ్తుంది. ఎడమ నుంచి కుడిని తీసేస్తే మిగిలేది, అంటే హాలు ప్రతిధ్వని, చప్పట్లు లాంటివి, వెనక స్పీకర్లకు వెళ్తుంది. ఇప్పటి అప్‌మిక్సర్లు దీనికంటే చాలా తెలివైనవి. అయినా బీజం ఇదే.

దీని వెనక చరిత్ర ఉంది. 1970ల్లో వచ్చిన డాల్బీ స్టీరియో నాలుగు చానళ్ల సమాచారాన్ని రెండు ట్రాకుల్లో ఫేజ్ తేడాలతో దాచేది. 1977 నాటి 'స్టార్ వార్స్'తో అది ప్రపంచమంతా పాకింది. ఆ దాచినదాన్ని ఇంట్లో విప్పడానికి 1987లో డాల్బీ ప్రో లాజిక్ వచ్చింది. ఏమీ దాచని మామూలు స్టీరియోను కూడా బాగా పంచగలిగే ప్రో లాజిక్ 2 వచ్చింది 2000లో. కాబట్టి స్టీరియో ట్రాకులో సరౌండ్‌ను ముందే దాచి ఉంచితే, అప్‌మిక్సర్ చాలావరకు అసలునే బయటికి తీస్తుంది. అలా దాచి ఉండకపోతే చేసేది ఊహే.

వెంకటాచలం ప్లాట్‌ఫాంను స్టీరియోలో రికార్డు చేశామనుకోండి. వెనక మోగిన ఆటో హారన్ రెండు చానళ్లలోనూ సమానంగా పడితే, అప్‌మిక్సర్ దాన్ని 'ఇది మధ్యది' అనుకుని ముందు స్పీకర్‌కు పంపేస్తుంది. హారన్ శబ్దం శుభ్రంగా వినిపిస్తుంది, దిక్కు మాత్రం తప్పు.

పాత పాటల విషయంలో ఇది ఇంకా స్పష్టం. నెల్లూరువాళ్లు తమవాడని చెప్పుకునే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సినిమాల్లో పాడటం మొదలుపెట్టింది 1966లో. అప్పటి మన సినిమా శబ్దం మోనో. మోనోలో ఎడమ, కుడి రెండూ ఒకటే. ఒకటి నుంచి ఒకటి తీసేస్తే సున్నా. వెనక స్పీకర్లకు పంపడానికి ఏమీ మిగలదు. అలాంటి పాట వెనక నుంచి కూడా మోగుతోందంటే, ఆ ధ్వని యంత్రం కల్పించినదే.

మరి అప్‌మిక్స్ చేసే స్టీరియో కంప్రెస్ చేయనిదే ఎందుకు కావాలి? ఇందులోనే అసలు మెలిక ఉంది. తక్కువ బిట్‌రేటు ఎంపీ3లో గొంతు చాటున దాచిన లోపాలు, గొంతు పక్కనే ఉన్నంతసేపూ వినపడవు. అప్‌మిక్సర్ వచ్చి గొంతును ముందుకు, మిగిలినదాన్ని వెనక్కి విడదీసిందంటే ఆ చాటు పోతుంది. గూడ్సు బండి వెళ్లిపోయాక స్నేహితుడి అరుపు అందరికీ వినపడినట్టు, వెనక స్పీకర్లలోంచి బుడబుడమనే శబ్దాలు బయటపడతాయి. అందుకే అప్‌మిక్స్ చేయాలనుకుంటే మూలం శుభ్రంగా ఉండాలి.

మనం ఈల వేసిన డీటీఎస్ కూడా...

మీ నాన్నగారినో, బాబాయినో అడగండి. 'డీటీఎస్ హాల్లో చూశాం' అని చెప్పుకోవడం ఒకప్పుడు గొప్ప. పోస్టర్ మీద ఆ మూడక్షరాలు కనిపిస్తే టికెట్ తెగేది. 1993లో 'జురాసిక్ పార్క్'తో వచ్చిన డీటీఎస్ పద్ధతిలో శబ్దం రీలు మీద ఉండేది కాదు. వేరే సీడీల్లో ఉండేది. రీలు అంచున ఉండే టైమ్‌కోడ్‌ను చదివి సీడీ దానికి తగ్గట్టు నడిచేది. ఆ శబ్దం దాదాపు నాలుగో వంతుకు కంప్రెస్ చేసినది. అంతకు ఏడాది ముందు, 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో వచ్చిన డాల్బీ డిజిటల్ అయితే రీలు పక్కన రంధ్రాల మధ్య ఖాళీలో ఇమిడిపోయేది. ఆరు చానళ్లకూ కలిపి 320 కిలోబిట్లే.

అంటే హాల్లో ఒళ్లు జలదరించి ఈల వేసిన ఆ శబ్దమంతా కంప్రెస్ చేసిందే. ఎవరికీ లోటనిపించలేదు. ఎందుకంటే వాన వెనక నుంచి కురిసింది, రైలు తల మీదుగా పోయింది. దిక్కులు చేసిన మేలు ముందు, తీసేసిన బిట్ల నష్టం చిన్నది.

ఇప్పుడు రీలు పోయింది. డిజిటల్ సినిమా ప్యాకేజీలో బొమ్మను కంప్రెస్ చేస్తారు కానీ శబ్దాన్ని చేయరు. 24 బిట్ల అసలు శబ్దమే ఉంటుంది. వెంకటాచలం నుంచి హైవే మీద దక్షిణంగా వెళ్తే వచ్చే సూళ్లూరుపేటలో, 2019లో భారీ తెరతో ప్రారంభమైన వీ ఎపిక్ లాంటి థియేటర్లో కూర్చుంటే చానళ్లా, నాణ్యతా అన్న పేచీ ఉండదు. రెండూ అక్కడే దొరుకుతాయి. ఇంట్లో బ్లూరేలో డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో ట్రాకులూ అంతే. కుదిస్తాయి కానీ విప్పితే ఒక్క బిట్ కూడా పోకుండా తిరిగొస్తుంది. దీన్ని లాస్‌లెస్ అంటారు.

పేచీ తీగ దగ్గరే

మరి ఈ ప్రశ్న ఇంకా ఎందుకు బతికుంది? తీగ వల్ల. టీవీ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లే ఆప్టికల్ కేబుల్‌కు రెండే దార్లు. కంప్రెస్ చేయని రెండు చానళ్లు గానీ, కంప్రెస్ చేసిన ఆరు చానళ్లు గానీ. కంప్రెస్ చేయని ఆరు చానళ్లు అందులో పట్టవు. చాలా టీవీల్లోని మామూలు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీదీ దాదాపు ఇదే పరిస్థితి. తర్వాత వచ్చిన ఈ-ఏఆర్‌సీ ఆ అడ్డంకిని తీసేసింది. సెట్‌టాప్ బాక్స్ సెట్టింగ్స్‌లో కనిపించే 'పీసీఎం', 'బిట్‌స్ట్రీమ్' అన్న రెండు ఆప్షన్లు ఈ కథే చెబుతున్నాయి. పీసీఎం పెడితే చాలా బాక్సులు స్టీరియోనే పంపుతాయి. బిట్‌స్ట్రీమ్ పెడితే కంప్రెస్ చేసిన సరౌండ్ అలాగే వెళ్తుంది.

ఓటీటీలోనూ ఇదే తూకం. నెట్‌ఫ్లిక్స్ 2019లో చెప్పిన వివరాల ప్రకారం 5.1 ఆడియో మీ నెట్ వేగాన్ని బట్టి 192 నుంచి 640 కిలోబిట్ల మధ్య మారుతుంది. ఒకే సినిమా, ఒకే ఇల్లు, అయినా నెట్ నెమ్మదించిన రాత్రి శబ్దం వేరేగా ఉండొచ్చు.

మరి జవాబేంటి?

ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి. మొదట 'అది తయారైనప్పుడు ఎన్ని చానళ్లలో మిక్స్ చేశారు?' అని అడుగుతాను.

సినిమా అయితే 5.1 లేదా అంతకంటే ఎక్కువలో మిక్స్ చేసి ఉంటారు. 448 లాంటి మంచి బిట్‌రేటు ఉంటే కంప్రెస్ చేసిన సరౌండ్‌నే ఎంచుకుంటాను. మిక్సింగ్ ఇంజినీర్ ఏ శబ్దం ఎక్కడ పెట్టాడో అది నిజం. ఆ నిజాన్ని అప్‌మిక్సర్ ఊహించలేదు.

స్టీరియోలో తయారైన పాటల ఆల్బమ్ అయితే స్టీరియోనే వింటాను, అదీ ముందు రెండు స్పీకర్లలోనే. ఇష్టమైతే అప్‌మిక్స్ చేసుకోవచ్చు, కానీ అది రుచి కోసం వేసుకున్న కారం లాంటిది. వంటలో మొదటి నుంచీ ఉన్నది కాదు.

హెడ్‌ఫోన్లు, టీవీ సొంత స్పీకర్లు అయితే స్టీరియో చాలు.

ఇక ఆ కచేరీ డీవీడీ సంగతి. ఇదే కష్టమైనది. సరౌండ్ ట్రాకులో వెనక చానళ్లకు హాలు ప్రతిధ్వనిని పద్ధతిగా ఇచ్చి ఉంటే, దానిదే పైచేయి. వెనక చప్పట్లు మాత్రమే పెట్టి, సంగీతమంతా ముందే ఉంచితే, ఆ సంగీతానికి ఎక్కువ బిట్లిచ్చిన స్టీరియోనే గెలవొచ్చు. వినకుండా చెప్పలేం. 'విని చెబుతాను' అన్నది తప్పించుకునే జవాబు కాదు. ఎలా వింటారో చెప్పగలిగితే అదే అసలు జవాబు.

చెవి కూడా మోసపోతుంది

రెండింటిలో ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందని మన చెవి తీర్పు చెప్పేస్తుంది. డాల్బీ డిజిటల్‌లో 'డైలాగ్ నార్మలైజేషన్' అనే సూచన ఉంటుంది. సంభాషణల స్థాయిని సమం చేయడానికి అది మొత్తం వాల్యూమ్‌ను తగ్గిస్తుంది. దాంతో సరౌండ్ ట్రాకు స్టీరియో కంటే నెమ్మదిగా వినిపించి, 'కంప్రెస్ చేశారు కదా, అందుకే చప్పగా ఉంది' అనిపిస్తుంది. తప్పు కంప్రెషన్‌ది కాదు, వాల్యూమ్‌ది. కాబట్టి పోల్చేముందు రెండింటి స్థాయినీ మీటర్‌తో కొలిచి సమం చేయాలి.

ఆ తర్వాత ఏది ఏదో తెలియకుండా వినాలి. దీన్ని ఏబీఎక్స్ పరీక్ష అంటారు. 'ఎ' ఒకటి, 'బి' ఒకటి. 'ఎక్స్' అనేది ఆ రెండింటిలో ఏదో చెప్పాలి. 16 సార్లలో 12 లేదా అంతకంటే ఎక్కువసార్లు సరిగ్గా చెబితే, అది గాలివాటుగా జరిగే అవకాశం నూటికి నాలుగు కూడా ఉండదు. ఎనిమిదో తొమ్మిదో వచ్చాయంటే నాణెం ఎగరేసినట్టే. 'నాకు తేడా తెలిసిపోతుంది' అని గట్టిగా వాదించేవారు చాలామంది ఇక్కడ నిశ్శబ్దం అయిపోతారు. అలా అయిపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, నేర్చుకోవడానికి మొదలు.

ఖర్చు లేకుండా ఒక ప్రాజెక్టు

రెజ్యూమేలో 'సౌండ్ అంటే ఇష్టం' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. కింది పని చేసి, ఫలితం రెండు పేజీల్లో రాసి జతచేస్తే చూస్తారు.

* ఉచితంగా దొరికే అడాసిటీలో ఒక స్టీరియో పాట తెరవండి. ఎడమ, కుడి చానళ్లను విడదీసి, ఒకదాన్ని 'ఇన్వర్ట్' చేసి, రెంటినీ మోనోగా కలపండి. చాలా పాటల్లో గొంతు దాదాపు మాయమై ప్రతిధ్వని మిగులుతుంది. అప్‌మిక్సర్ వెనక్కి పంపేది ఇలాంటిదే.

* అదే పాటను 96 కిలోబిట్ల ఎంపీ3గా మార్చి మళ్లీ అదే చేయండి. చాటు తీసేస్తే లోపాలు ఎలా బయటపడతాయో వినండి.

* కాలేజీ క్యాంటీన్‌లో ఫోన్‌తో వేర్వేరు శబ్దాలు రికార్డు చేసి, ఏది ముందు, ఏది వెనక అన్నది మీరే నిర్ణయించి 5.1 మిక్స్ చేయండి. ఉచిత సాధనం ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో దాన్ని 448 కిలోబిట్ల ఏసీ3గా మార్చండి. ఇంకోవైపు అదే మిక్స్‌ను స్టీరియోగా కుదించి, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోనే ఉన్న 'సరౌండ్' ఫిల్టర్‌తో మళ్లీ 5.1గా చేయండి. మీరు వెనక పెట్టిన గ్లాసుల చప్పుడు రెండింటిలో ఎక్కడికి చేరిందో చూడండి. అయిదు స్పీకర్లు లేకపోయినా ఫర్వాలేదు, ఒక్కో చానల్‌ను విడిగా వినొచ్చు.

* ఫూబార్2000 ప్లేయర్‌కు ఏబీఎక్స్ ప్లగిన్ ఉంది. మీతోపాటు నలుగురు స్నేహితులతో పరీక్ష చేయించి ఫలితాలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. తేడా తెలియలేదని వచ్చినా సరే, అలాగే రాయండి.

ఎక్కడ పనికొస్తుంది?

ఈసీఈ, సీఎస్‌ఈ చదివినవారికి సిగ్నల్ ప్రాసెసింగ్, కోడెక్ పరీక్షల వైపు దారి ఉంది. ఇక్కడ ప్రోగ్రామింగ్, గణితం గట్టిగా ఉండాలి. ఓటీటీలకు ఆడియో క్వాలిటీ కంట్రోల్‌లో చానళ్ల క్రమం, పెదాల కదలికతో శబ్దం కలవడం, లౌడ్‌నెస్ చూడాలి. నెట్‌ఫ్లిక్స్ అయితే సంభాషణల సగటు లౌడ్‌నెస్ -27 ఎల్‌కేఎఫ్ఎస్ దగ్గర, రెండు యూనిట్ల తేడాలోపు ఉండాలంటుంది. సినిమాల్లో డైలాగ్ ఎడిటర్, ఫోలీ ఆర్టిస్టు, రీ-రికార్డింగ్ మిక్సర్ లాంటి పనులున్నాయి. ఊరు వదలడం ఇష్టం లేకపోతే హోం థియేటర్ బిగింపు, కల్యాణ మండపాలు, సభల్లో లైవ్ సౌండ్ ఉన్నాయి. ఆప్టికల్ కేబుల్‌లో ఏం పడుతుందో తెలిసిన మనిషికీ, తెలియకుండా తీగలు గుచ్చే మనిషికీ తేడా కస్టమర్ మొదటి రోజే కనిపెడతాడు.

చదువు కావాలంటే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లలో సౌండ్ కోర్సులున్నాయి. ప్రవేశ పరీక్ష ఉంటుంది. అర్హతలు, తేదీలు ఆయా నోటిఫికేషన్లలో చూసుకోవాలి. 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కు 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి ఎఫ్‌టీఐఐలో చదివినవారే. ప్రైవేటు సంస్థల్లో చేరే ముందు ఒక్కటి అడగండి: 'రోజుకు ఎన్ని గంటలు మిక్సింగ్ కన్సోల్ ముందు నన్ను కూర్చోబెడతారు?' ఫీజు కట్టేది బ్రోషర్‌లోని ఫొటోకు కాదు, ఆ గంటలకు.

మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికి వద్దాం. 'ఏది వింటారు?' అని అడిగినవారికి ఏది ఎంచుకున్నా నడుస్తుంది. 'ఇందులో ఇది పోయింది, అందులో అది అసలు లేదు, ఈ సందర్భంలో నా చెవికి ఎక్కువ తెలిసేది ఇది, ఇదిగో నా పరీక్ష ఫలితం' అని వరసగా చెప్పగలిగితే చాలు. ఈసారి వెంకటాచలంలో బండి కోసం ఎదురుచూసేటప్పుడు ఫోన్ జేబులో పెట్టి అయిదు నిమిషాలు కళ్లు మూసుకోండి. ఎడమ ఏది, వెనక ఏది, గూడ్సు పోయేటప్పుడు ఏది మాయమైంది అని లెక్కపెట్టండి. ఇంటర్వ్యూకు ప్రిపరేషన్ అక్కడే మొదలవుతుంది.